రెసిడెన్సీ స్తంభాలు – మా మిద్దె ఇల్లు

తొండియార్‌పేటలో మాది మిద్దె ఇల్లు. వీధివైపు అరుగు, లోపల చిన్న మండువా, పైన టేకు దంతెల మీద ఇటుక పరచిన కప్పు. ఈ పత్రిక చదివే కుటుంబాలలో చాలామంది ఇళ్ళు ఒకప్పుడు ఇటువంటివే కనుక ఎక్కువగా వర్ణించనక్కరలేదు. తాతగారి కాలంనాటి ఆ ఇల్లు మూడు తరాల పెళ్ళిళ్ళూ, పురుళ్ళూ చూచింది. దానికి మేము చేసిన అపచారం ఒకటి ముందుగా ఒప్పుకొని, తరువాత అసలు సంగతికి వస్తాము.

కొన్నేళ్ళ క్రిందట కార్తీకమాసపు వానలకు పడమటి గది గోడ చెమ్మ పట్టింది. పూత అక్కడక్కడ రాలసాగింది. ఒక కాంట్రాక్టరును పిలిపించాము. ఆయన గోడను గోటితో గీకి, అరచేతిలో రాలిన సున్నం మాకు చూపించి, “ఇదంతా పాతచింతకాయ పచ్చడండీ! గీకించి సిమెంటు పూయిస్తే నూరేళ్ళు మళ్ళీ చూసుకోనక్కరలేదు” అన్నాడు. మా వీధిలోనే ఉండే ముసలి తాపీమేస్త్రి ఒకాయన అప్పుడు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. “సున్నపు గోడకు సిమెంటు చొక్కా తొడగకండి అయ్యగారూ, దానికి ఊపిరాడదు” అన్నాడు. మేము నవ్వి ఊరుకున్నాము. గోడకు ఊపిరేమిటి?

రెండు వర్షాకాలాలు గడిచేసరికి ఆ ఊపిరి సంగతి తెలిసి వచ్చింది. సిమెంటు పూతను వేలితో తడితే డొల్లగా మోగుతున్నది. క్రింద జానెడు ఎత్తున ఉప్పు పూవులాగా పూసింది. పెచ్చు ఊడదీసి చూస్తే లోపలి ఇటుక పిండి అయిపోయి ఉన్నది. నూరేళ్ళ మాట అటుంచి మూడేళ్ళయినా నిలవలేదు. మళ్ళీ ఆ ముసలి మేస్త్రి ఇంటికే వెళ్ళాము. “నేను చెప్పలేదా” అని ఆయన ఒక్కమాట అనలేదు. అది ఆయన పెద్దరికం. గోడంతా తడిమి చూచి, “అయ్యగారూ, రాజాజీ హాలు చూశారు గదా. ఆ స్తంభాలు దేనితో చేశారనుకున్నారు?” అని అడిగాడు. రాయి అన్నాము. ఆయన బోసినోటితో నవ్వి, “ఇటుక! పైన గుల్లసున్నం” అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకొని మేము కొన్ని నెలలపాటు తిరిగాము. చెన్నపట్నంలో దొరలు కట్టుకొన్న తోట బంగళాలలో మిగిలినవి చూచాము. చివరకు హైదరాబాదు కోఠీలోని పాత రెసిడెన్సీ దాకా వెళ్ళాము. చూచినదీ, తెలుసుకొన్నదీ పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఇంగ్లండులో 1714 నుండి 1830 దాకా వరుసగా నలుగురు రాజులు ఏలారు. నలుగురి పేరూ జార్జే. అంచేత ఆ కాలపు కట్టడాలకు జార్జియన్ అని పేరు వచ్చింది. అక్కడి భూస్వాములకు లండనులో ఒక ఇల్లు ఉన్నా, అసలు దర్పమంతా తమ జమీను మధ్య కట్టుకొన్న పల్లె మేడలో ఉండేది. ఆ మేడకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. వాకిలి సరిగ్గా నడిమికి రావాలి. దానికి ఇటు ఎన్ని కిటికీలో అటు అన్ని కిటికీలు. పట్టుచీరను మడిచినట్టు మధ్యకు మడిస్తే రెండు సగాలూ అంచుకు అంచు కలవాలి. ముందువైపు ఎత్తయిన స్తంభాలు, వాటి నెత్తిన ముక్కోణపు పలక, అచ్చంగా పాతకాలపు గ్రీకు దేవాలయం ముఖంలాగా. గదుల పొడుగు వెడల్పులకు కూడా లెక్కలున్నాయి. గది చదరంగా ఉండవచ్చు, వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడుగు ఉండవచ్చు, రెండు రెట్లు ఉండవచ్చు; ఇష్టం వచ్చినట్టు ఉండకూడదు. మన పెద్దలు ఇల్లు కట్టేముందు ఆయం చూచుకొన్నట్టే నన్నమాట.

ఈ లెక్కలు ఇంగ్లీషువాళ్ళ సొంతం కావు. ఇటలీలో పల్లాడియో అనే శిల్పి (1508–1580) ప్రాచీన రోము శిథిలాలను కొలిచి, తన అనుభవం జోడించి, 1570లో నాలుగు భాగాల గ్రంథం ఒకటి అచ్చు వేయించాడు. దాదాపు నూటయాభై ఏళ్ళ తరువాత ఇంగ్లీషు జమీందారులకు ఆ గ్రంథం వేదమయింది. దానిని చూచి వారి శిల్పులు తమ నమూనా పుస్తకాలు వేశారు. ఆ పుస్తకాలే ఓడలెక్కి మద్రాసు దిగాయి. కంపెనీ కొలువులో కట్టడాలు కట్టినవారిలో ఎక్కువమంది శిల్పులు కారు, సైన్యపు ఇంజనీర్లు. కోటగోడలూ, తూటామందు కొట్లూ కట్టే చేతులు. పుస్తకం తెరిచి, బొమ్మ చూచి, మేడ కట్టించేవారు. ఎగ్మూరులో సెయింట్ ఆండ్రూస్ చర్చిని చూడండి. 1821లో పూర్తయిన ఆ చర్చికి జేమ్స్ గిబ్స్ అనే స్కాట్లండు శిల్పి 1728లో అచ్చువేసిన పుస్తకమే ఆధారం. కట్టించిన డి హావిలాండు సైన్యపు ఇంజనీరు.

ఈ నమూనాల వ్యవహారంలో ఒక తమాషా ఉన్నది. కలకత్తాలో వెల్లెస్లీ ప్రభువు 1799లో మొదలుపెట్టి 1803కు పూర్తి చేయించిన గవర్నమెంటు హౌసుకు డెర్బీషైరులోని కెడిల్‌స్టన్ హాల్ అనే పల్లె మేడ నమూనా. సరిగ్గా ఆ కెడిల్‌స్టన్ వంశంలో పుట్టిన కర్జన్ 1899లో వైస్రాయిగా వచ్చి, తన పుట్టింటి నకలులో కాపురం పెట్టాడు! బంగాళాఖాతం దాటి వచ్చినా గోడలు అవే.

ఇక మద్రాసు సంగతి. కంపెనీ దొరలు మొదట కోటలోనే ఇరుకుగా ఉండేవారు. పద్ధెనిమిదవ శతాబ్దం గడిచేకొద్దీ, ముఖ్యంగా 1799లో శ్రీరంగపట్నం పడిపోయి మైసూరు దండు భయం తీరాక, కోట వదలి బయటి తోటలలో మేడలు కట్టుకోసాగారు. ఉదయం బండి ఎక్కి కోటకు కచేరీకి పోవటం, సాయంత్రం తోట ఇంటికి చేరటం. వీటికి తోట బంగళాలనే పేరు అందుకే వచ్చింది. ఎక్కువ భాగం ఇప్పటి మౌంటు రోడ్డుకు అటూ ఇటూ, చౌల్ట్రీ ప్లెయిన్ అనే మైదానం మీదా, నుంగంబాకం, అడయారు వైపులా వెలిశాయి.

మన ఉత్తరపు వైపున ఏమున్నది అని అడిగే పిల్లలున్నారు. మా ఇంట్లోనే ఉన్నారు. 1693లో ఎగ్మూరు, పురసవాకం గ్రామాలతోపాటు తొండియార్‌పేట కూడా కంపెనీకి దక్కింది. ఈ వైపున నేతవారు, అద్దకంవారు, బట్టలు చలువచేసే చాకలివారు స్థిరపడ్డారు. చాకలిపేట పేరే అందుకు సాక్షి. తిరువొత్తియూరు దారిలోని కాలడిపేట అసలు పేరు కాలెట్‌పేట. 1717 నుండి 1720 వరకు గవర్నరుగా ఉన్న జోసెఫ్ కాలెట్ నేతవారికోసం ఏర్పరచిన పేట అది. కంపెనీ వర్తకానికి ప్రాణం బట్టే. కనుక మౌంటు రోడ్డు మేడల స్తంభాల క్రింద మన వైపు మగ్గాల డబ్బు కొంత ఉన్నదని మేము గర్వంగా చెప్పుకొంటే ఎవరూ తప్పుపట్టనక్కరలేదు.

మరొకటి కూడా మన వైపు నుండే పోయింది. అది సున్నం. పులికాటు సరస్సులోనూ, ఎన్నూరు ఉప్పుటేటిలోనూ గుల్లలు రాసులుగా దొరికేవి. 1806 నాటికి కాక్రేన్ కాలువ మద్రాసు నుండి ఎన్నూరు వరకు తెరుచుకొన్నది. తరువాత తరువాత అది ఉత్తరాన మన పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా సాగి, 1878లో బకింగ్‌హామ్ కాలువ అనిపించుకొన్నది. మొత్తం 420 కిలోమీటర్లలో 257 ఆంధ్రదేశంలోనే ఉన్నాయి. ఇప్పుడు ముక్కు మూసుకొని వంతెన దాటే ఆ మురికి కాలువ మీదే ఒకనాడు ఉప్పు, కట్టెలు, గుల్లసున్నం పడవలలో పట్నం చేరేవి. తొండియార్‌పేట పడమటి పొలిమేర కాలువగట్టే గదా.

ఇంగ్లీషు పల్లె మేడ మద్రాసు ఎండలో కాపురానికి వచ్చాక దాని వేషం మారక తప్పలేదు. అక్కడి మేడకు పలకరాతి వాలుకప్పు, పొగగొట్టాల వరుస, గదిగదికీ నెగడు. ఇక్కడ నెగడు ఎవరికి కావాలి? పొగగొట్టాలు పోయాయి. వాలుకప్పు పోయి మన మిద్దె వచ్చింది. అక్కడ స్తంభాలు ముఖద్వారానికి మాత్రమే అలంకారం. ఇక్కడ అవి వరండాగా మారి ఇంటి చుట్టూ తిరిగాయి. ఎండ గోడను తాకకుండా నీడపట్టటం వాటి ఉద్యోగమయింది. వంటిల్లు మేడలోనుంచి తోటలోకి వెళ్ళింది. క్రింది అంతస్తు సామాన్లకు వదలి, గాలి తగిలే మేడమీదికి మకాం మారింది. వాకిలికి ఎదురు వాకిలి, కిటికీకి ఎదురు కిటికీ పెట్టి, సముద్రపు గాలి ఒకవైపు వచ్చి ఇంకొకవైపు పోయేటట్టు చేశారు. వేసవిలో వాకిళ్ళకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లించేవారు. ఇందులో మన ఇళ్ళలో లేనిది ఏదైనా ఉన్నదా? అరుగు మీద వసారా, ఎదురెదురు వాకిళ్ళు, వట్టివేళ్ళు. మేడ బొమ్మ వారి పుస్తకంలోది. అందులో బ్రతికే ఉపాయం ఇక్కడిది.

రాజాజీ హాలు ముందు ఒక ఆదివారం ఉదయం నిలబడ్డాము. లోపలికి ప్రవేశం లేదు కనుక బయటినుండే చూచాము. పెద్ద క్లైవు కొడుకు ఎడ్వర్డ్ క్లైవు గవర్నరుగా ఉండగా, గోల్డింగ్‌హామ్ అనే ఆయన దీనిని 1802కు పూర్తి చేశాడు. ఈయన మద్రాసు నక్షత్రశాలలో జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు కూడా! ప్లాసీ, శ్రీరంగపట్నం విజయాలకు గుర్తుగా కట్టిన విందుశాల ఇది. గద్దెలాంటి ఎత్తు పునాది, ముందు పొడుగాటి మెట్లవరుస, చుట్టూ స్తంభాలు. 1948లో రాజాజీ పేరు పెట్టారు. అణ్ణాదురై నుండి కరుణానిధి వరకు ఎందరో నాయకుల పార్థివ దేహాలను ప్రజలు ఈ మెట్ల మీదే కడసారి చూచారు. యుద్ధంలో గెలిచినవాడి గుర్తుగా కట్టిన మెట్లకు ఇంతటి దుఃఖపు ఉపయోగం వస్తుందని గోల్డింగ్‌హామ్ ఊహించి ఉండడు.

ఈ హాలు ప్రక్కనే అసలు మేడ, గవర్నమెంటు హౌసు ఉండేది. మెదీరోస్ అనే పోర్చుగీసు కుటుంబపు తోట ఇంటిని 1753లో కంపెనీ కొన్నది. ఎడ్వర్డ్ క్లైవు కాలంలో గోల్డింగ్‌హామే దానిని పెంచి, వరండాలు చుట్టి, గవర్నరుకు తగిన మేడగా మార్చాడు. కొత్త శాసనసభా భవనం కోసం 2008 ప్రాంతంలో దానిని కూలగొట్టారు. 2010లో ప్రారంభించిన ఆ భవనం ఇప్పుడు ఆసుపత్రి. ఆసుపత్రి వల్ల ప్రజలకు మేలే, కాదనలేము. కాని ఇంత పెద్ద ప్రాంగణంలో పాత మేడకు నాలుగు గోడల చోటు దొరకలేదా అన్న బాధ మాకు పోలేదు.

నిలిచి ఉన్నవాటిలో నుంగంబాకంలోని డవ్‌టన్ హౌసు చూడదగినది. 1798 ప్రాంతాల బెంజమిన్ రోబక్ అనే కంపెనీ ఉద్యోగికి ఆ స్థలం దక్కింది. తరువాత లింగిచెట్టి చేతికి వచ్చి, ఆయన నుండి డవ్‌టన్ అనే సేనాని చేతికి పోయింది. బరోడా గాయక్వాడు మల్హారరావును గద్దె దింపినపుడు 1875లో ఇక్కడే ఉంచారు. 1916 నుండి విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ ఇందులో నడుస్తున్నది. ఇల్లు బ్రతికింది అంటే ఆడపిల్లల చదువు పుణ్యమే. ఈ మాట మళ్ళీ ఒకచోట అనవలసి వస్తుంది.

మరి మేస్త్రి చెప్పిన గుల్లసున్నం? తిరిగి వచ్చి ఆయననే అడిగాము. చెప్పినది చెప్పినట్టు వ్రాసుకొన్నాము. గుల్లలను బట్టీలో కాల్చి, నీరుపోసి చల్లార్చి, జల్లించి, గానుగలో త్రిప్పి నూరాలి. మొదటి పూతకు ఇసుక కలిపి, బెల్లపు నీటితో తడపాలి. కొన్నిచోట్ల కరక్కాయ నీరు కూడా. అది పూర్తిగా ఆరకముందే రెండవ పూత, ఇంకా సన్నని ఇసుకతో. మూడవ పూతలో ఇసుక దాదాపు ఉండదు. పలుచని గుడ్డలో జల్లించిన సున్నానికి కోడిగుడ్ల తెల్లసొన, కాస్త పెరుగు, కాస్త నెయ్యి కలిపి వెన్నలాగా నూరాలి. గోడకు పూసి, నున్నని రాతితో గంటల తరబడి రుద్దాలి. మధ్య మధ్య బలపపు రాయి పొడి చల్లాలి. కొన్నాళ్ళపాటు గోడ చెమర్చుతుంది. ఆ చెమటను మెత్తని గుడ్డతో తుడుస్తూ ఉండాలి. చివరకు పాలరాయి వెలవెలబోయే మెరుపు వస్తుంది. మద్రాసు చునం అని దీనికి దేశదేశాల పేరు. చెట్టినాటి ఇళ్ళలో నేటికీ ముఖం చూచుకోవచ్చు.

“ఊపిరి” సంగతి కూడా అప్పుడే తెలిసింది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది. మారినా దానిలో సన్నని రంధ్రాలు ఉంటాయి. గోడలోకి వచ్చిన తడి ఆ దారిన బయటికి పోతుంది. సిమెంటు గట్టిది, బిగువైనది, తడిని పోనివ్వదు. పాత ఇటుక గోడ పునాదినుండి నీరు పీలుస్తూనే ఉంటుంది. ఆ నీరు బయటపడే దారిలేక ఇటుకలోనే ఆరినపుడు దానిలోని ఉప్పు గడ్డకట్టి ఇటుకను లోపలినుండి పగులగొడుతుంది. సముద్రం కూతవేటు దూరాన ఉన్న మన తొండియార్‌పేటలో ఉప్పుకు కొదవా? మా పడమటి గోడ చచ్చినది అందువల్ల.

ఇంతలో హైదరాబాదులో దగ్గరి బంధువుల ఇంట పెళ్ళి వచ్చింది. చార్మినారు ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. పెళ్ళి పనుల మధ్య ఒక పూట దొంగిలించి కోఠీకి బయలుదేరాము. మా మేనకోడలు అక్కడి మహిళా విశ్వవిద్యాలయంలో చదువుతున్నది కనుక లోపలికి పోవటం సులువయింది. ఉస్మానియా మహిళా కళాశాల 1949 నుండి నడిచిన ప్రాంగణమే అది. 2022లో విశ్వవిద్యాలయమయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ పేరు, ఆ మేడ కలిసి ఒకచోట ఉండటం చరిత్ర ఆడే చిత్రమే.

కోఠీ, సుల్తాన్‌బజారు రద్దీలో బట్టలకొట్లూ, పుస్తకాల బళ్ళూ దాటుకొని గేటు లోపల నాలుగడుగులు వేస్తే, ఒక్కసారిగా చెట్ల మధ్య తెల్లని మేడ. వెడల్పైన మెట్లు, మెట్లకు అటొకటి ఇటొకటి పెద్ద సింహాలు. మెట్ల పైన ఎత్తయిన కొరింథియన్ స్తంభాలు, అంటే తలల మీద ఆకులు విచ్చుకొన్నట్టు చెక్కినవి. వాటి నెత్తిన ముక్కోణపు పలక మీద కంపెనీ వారి చిహ్నం. వాషింగ్టనులో అమెరికా అధ్యక్షుని తెల్లమేడను బొమ్మలలో చూచినవారికి ఇదెక్కడో చూచినట్టే ఉంటుంది. రెండూ ఒకే కాలపు అప్పచెల్లెళ్ళు; ఇద్దరికీ పల్లాడియో తాత.

“మామయ్యా, మా సీనియర్లకు ఈ మేడలోనే క్లాసులు జరిగేవట. పైకప్పు పెచ్చులు రాలుతుంటే గొడుగు వేసుకుని పాఠం విన్నామని చెబుతారు” అన్నది మేనకోడలు. గొడుగు సంగతి కొంత అతిశయోక్తి కావచ్చును గాని, మేడ ప్రమాదస్థితికి వచ్చిన మాట నిజం. 2002లో ప్రపంచ స్మారక నిధి సంస్థ దీనిని అపాయంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి మరమ్మతులు సాగాయి.

దీనిని కట్టించిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ మన మద్రాసులోనే 1764లో పుట్టాడు. 1798 నుండి 1805 వరకు నిజాము కొలువులో కంపెనీ రెసిడెంటు. ప్రముఖ వంశపు కన్య ఖైరున్నీసాను పెళ్ళాడి, హైదరాబాదు ఆచారాలు అలవరచుకొన్నవాడు. మూసీ ఒడ్డున మేడ కట్టాలని 1803లో సంకల్పించి, నక్షా వ్రాయించి నిజాము ముందు పరిచాడట. నిజాము చూచి అడ్డంగా తల ఊపాడట. కారణమేమంటే కాగితం మరీ పెద్దది. తన రాజ్యపు పటాలతో సమానంగా కనబడింది, ఎంత నేల అడుగుతున్నాడో అని జంకు. కర్క్‌పాట్రిక్ అదే నక్షాను చిన్న అట్టముక్క మీద వ్రాయించి తెస్తే వెంటనే సరేనన్నాడట. ఇది చెప్పుకొనే కథ. కాని ఖర్చు నిజాము ఖజానా భరించిన మాట మాత్రం కథ కాదు. తన మీద పెత్తనం చేసేవాడి మేడకు తానే డబ్బు పెట్టవలసి రావటం! ఆ సింహాల ముఖంలోని ధీమా అక్కడిదే అనిపించింది.

నక్షా వ్రాసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళంలోని లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్. ఇదీ మనకు కావలసిన లంకె. చౌల్ట్రీ ప్లెయిన్ మీద పెరిగిన కట్టుబడే ఆయనతో దక్కను చేరింది. లోపల రెండంతస్తుల ఎత్తు దర్బారు హాలు, చుట్టూ పైన నడవా. ఆ నడవాలో నిలబడి క్రిందికి చూస్తే మనిషి చిన్నవాడైపోతాడు. కట్టినవారి ఉద్దేశమూ అదే కాబోలు. మెట్లగది మాకు అంతకంటె నచ్చింది. మెట్లు వంపు తిరుగుతూ, గోడను పట్టుకొని గాలిలో తేలినట్టు పైకి పోతాయి. మేనకోడలు పరుగున ఎక్కింది. మేము ఒక్కొక్క మెట్టు లెక్కపెట్టుకొంటూ ఎక్కి, నడుమ లెక్క తప్పాము.

స్తంభం దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించాము. ఎండవేళ కూడా చల్లగా ఉన్నది. పాలరాయి అని ఎవరైనా ప్రమాణం చేసేటట్టున్నది, కాని సున్నపు పూతే. పైన పటారం, లోన లొటారం అనుకొంటారేమో, అది సరికాదు. రాయి దొరకక చేసిన మోసం కాదది. ఎండకూ వానకూ తగిన తోలు. మరమ్మతులలో కూడా వారు సిమెంటు జోలికి పోకుండా సున్నమే వాడారని విని మాకు లోపల చురుక్కుమన్నది. అంత మేడకు చేసిన మర్యాద మా చిన్న గోడకు మేము చేయలేకపోయాము.

మేడకు ఎడంగా తోటలో ఖైరున్నీసా జనానా, రంగమహలు, ఉండేవి. పరదా పాటించే ఆమె మేడ ముందుకు వచ్చి చూడటానికి వీలులేదు కనుక, మేడ మొత్తానికి చిన్న నమూనా కట్టించి ఆమె తోటలో పెట్టించాడట కర్క్‌పాట్రిక్. రంగమహలును పందొమ్మిదవ శతాబ్దంలోనే కూల్చివేశారు, నమూనా నిలిచింది. ఆయన మటుకు 1805 అక్టోబరులో కలకత్తాలో, నలభై ఒక్క ఏట చనిపోయాడు. మేడలో కాపురం చేసే యోగం లేకపోయింది. ఇల్లు కట్టిచూడు అన్నారు గాని, కట్టి ఉండిచూడు అనలేదు మనవాళ్ళు. తరువాత 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వంలో జనం ఈ రెసిడెన్సీ మీదికి దండెత్తారు. ఆ పైన ప్రహరీ, బురుజులు బలపరచారు. పల్లె మేడ కోట అయింది.

కర్క్‌పాట్రిక్ పేరు ఉన్నది, రస్సెల్ పేరు ఉన్నది. సున్నం నూరిన మనిషి పేరు ఎక్కడా లేదు. ఆ స్తంభాలను రోజుల తరబడి రాతితో రుద్దిన చేతులు ఎవరివో, మద్రాసు నుండి వచ్చిన మేస్త్రీలో, అక్కడివారో. చెయ్యి తీయకుండా కొంతసేపు అలాగే నిలబడ్డాము. “మామయ్యా, ముహూర్తానికి ఆలస్యమవుతుంది” అని మేనకోడలు కేకవేసేదాకా.

తొండియార్‌పేటకు తిరిగి వచ్చాక మా మిద్దెను కొత్తగా చూచాము. పైకప్పు సరిగ్గా ఆ మేడల కప్పే. కొలతలో మాత్రం చిన్నది. దూలాల మీద మూరెడు ఎడంలో టేకు దంతెలు. వాటి మీద అంగుళం మందాన చిన్న చిన్న ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరుసలలో. పైన ఇటుకముక్కలూ సున్నమూ కలిపి, బెల్లపు నీళ్ళు చల్లుతూ ఆడవాళ్ళు చెక్కబాదులతో రోజుల తరబడి కొట్టిన పొర. ఆ బాదటానికి పాటలు ఉండేవనీ, తాను చిన్నతనంలో అరుగు మీద కూర్చొని వినేదాననీ మా అత్తయ్యగారు చెబుతారు. ఆ పైన పలుచని పెంకులు. మద్రాసు టెర్రేసు అని దేశమంతటా పిలిచే కప్పు ఇదే. గవర్నరుకూ ఇదే, మాకూ ఇదే. రాయపురం స్టేషనుకు వెళ్ళినపుడు పిల్లలకు ఆ స్తంభాలు చూపించి, 1856లో దక్షిణదేశపు మొదటి రైలు కదిలిన చోటని చెప్పేవాళ్ళం. ఇక నుండి ఆ స్తంభాల లోపల ఏమున్నదో కూడా చెబుతాము.

మా వీధిలో ఇటువంటి ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. మెట్రో రైలు వచ్చాక నేల ధర పెరిగింది, అమ్ముకొనేవారిని తప్పుపట్టలేము. పంపకాలలో నలుగురు అన్నదమ్ములకు ఒక మండువా ఎలా సరిపోతుంది? కాని చాలా ఇళ్ళు అమ్మకం వల్ల గాక, మాలాగే మంచి చేస్తున్నామనుకొని పూసిన సిమెంటు వల్ల పాడవుతున్నాయి. కప్పు కారితే మేస్త్రిని పిలవకముందే పడగొట్టేవారిని పిలుస్తున్నారు. ఉండదలచినవారు ఒక్కమాట వినాలి. గోడలో తడి ఎక్కడినుండి వస్తున్నదో ముందు చూడండి. చూరు, గొట్టం, పునాది ప్రక్క మురుగు. దానిని ఆపి, ఆ తరువాత సున్నంతోనే పూయించండి. పని ఆలస్యమవుతుంది. సున్నం తెలిసిన చెయ్యి దొరకటం కష్టం. దొరికినపుడు ఆ చెయ్యి ప్రక్కన ఒక కుర్రవాణ్ణి నిలబెట్టండి.

మా ముసలి మేస్త్రి వెంట ఇప్పుడు ఆయన మనుమడు వస్తున్నాడు. ఇద్దరూ కలిసి పడమటి గోడ సిమెంటంతా ఒలిచారు. పిండి అయిన ఇటుకలు తీసి, రెండు వీధుల అవతల కూల్చిన ఇంటి గుట్టలోనుండి ఏరుకొచ్చిన పాత ఇటుకలు పొదిగారు. గోడను ఒక వేసవి అంతా ఉత్తగా ఆరనిచ్చారు. దొడ్లో తొట్టి పెట్టి సున్నం నానవేస్తే, అది బుసలు కొట్టటం చూడటానికి వీధి పిల్లలందరూ చేరారు. మొదటి పూత అయింది, రెండవది అయింది. మూడవ పూతకు కోడిగుడ్లనేసరికి మా అత్తయ్యగారు ససేమిరా ఒప్పుకోలేదు. పెరుగుతో, నెయ్యితో సరిపెట్టమన్నారు. మేస్త్రి కాసేపు తల గోక్కొని, “సరే అమ్మగారూ, మెరుపు కొంచెం తగ్గుతుంది” అన్నాడు.

గోడ ఇంకా చెమరుస్తున్నది. మనుమడు రోజూ సాయంత్రం వచ్చి గుడ్డతో తుడిచి, గులకరాయితో రుద్ది పోతున్నాడు. మరి పదిహేను రోజులు పడుతుందట. అంతవరకు ఆ గోడకు కుర్చీ ఆనించవద్దని పిల్లలకు చెప్పి ఉంచాము.